మంచులో కారు: నాలుగు చక్రాలా, వెనక రెండా?

బఫెలోలో ఎమ్మెస్ చేస్తున్న మా అన్నయ్య సెకండ్ హ్యాండ్ కారు కొనాలి. "ఆల్ వీల్ డ్రైవ్ తీసుకోవాలా, రియర్ వీల్ చాలా?" అని అడిగాడు. మన సీనియర్లకీ ఇదే డౌట్ కాబట్టి లెక్క ఇక్కడ రాస్తున్నా.

ముందు కదలడం. రియర్ వీల్‌లో ఇంజిన్ బలమంతా వెనక రెండు టైర్ల మీదే పడుతుంది. మంచులో పట్టు తక్కువ కాబట్టి అవి ఊరికే తిరుగుతాయి, మలుపులో గ్యాస్ ఎక్కువ తొక్కితే కారు తోక పక్కకి జారుతుంది. ఆల్ వీల్‌లో అదే బలం నాలుగింటికీ పంచుతారు. ఎత్తు ఎక్కడానికి అదే మేలు.

ఇక ఆగడం. ఆగే దూరం = వేగం స్క్వేర్ ÷ (2 × ఫ్రిక్షన్ × 9.8). గంటకి 50 కిలోమీటర్లంటే సెకనుకి సుమారు 14 మీటర్లు. పొడి రోడ్డు మీద ఫ్రిక్షన్ 0.7 అనుకుంటే 14 మీటర్లలో ఆగుతాం. మంచు మీద 0.2 అయితే 50 మీటర్లు, గడ్డకట్టిన ఐస్ మీద 0.1 అయితే 100.

ఈ ఫార్ములాలో డ్రైవ్ ఎక్కడుంది? లేదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి. మార్చగలిగేది ఫ్రిక్షన్ ఒక్కటే, అంటే టైరు. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల కింద గట్టిపడుతుంది, వింటర్ టైరు మెత్తగానే ఉంటుంది. కెనడాలోని క్యూబెక్‌లో చలికాలం వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. ఆల్ వీల్ ఉన్నా మినహాయింపు లేదు.

అందుకే అన్నయ్యకి చెప్పా: ముందు వింటర్ టైర్లకి డబ్బు పక్కన పెట్టు, మిగిలితే ఆల్ వీల్. సులువుగా కదిలే కారు సులువుగా ఆగుతుందని మాత్రం నమ్మకు.