చెల్పూరులో చేరుతున్న బిడ్డకు

జనగామ

చిరంజీవి బిడ్డకు,

చెల్పూరులో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో చేరుతున్నావని మీ బాపు మానుకోట నుంచి ఫోన్ చేసి చెప్పిండు. చాలా సంతోషమైంది. చేరకముందే ఈ నాలుగు మాటలు నీకు అందాలని రాస్తున్నాను.

అక్కడి కాకతీయ థర్మల్ కేంద్రంలో 2010లో వచ్చిన 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, ఆ తర్వాత వచ్చిన 600 మెగావాట్లది ఇంకొకటి. బాయిలర్ నుంచి టర్బైన్‌కు వెళ్లే ఆవిరి 540 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ పైపు లోపల ఏముందో ఎవరి కంటికీ కనబడదు. కంట్రోల్ రూంలో డెస్క్ ఇంజనీరు తెర మీది అంకెను నమ్మి నీళ్ల స్ప్రే పెంచుతాడు, తగ్గిస్తాడు. ఆ అంకెకు పూచీ నీ సంతకమే.

అందుకే, ఏ ట్రాన్స్‌మిటర్ దగ్గరికి వెళ్లినా ముందు డెస్క్‌కు చెప్పు. లూప్‌ను మాన్యువల్‌లో పెట్టించు, దాని మీద ట్రిప్ ఉంటే బైపాస్ రాయించుకో. ఆ తర్వాతే మూత విప్పు. విప్పాక కూడా దేన్నీ సరిచేయకు. సున్నా నుంచి నూరు శాతం దాకా ఐదు చోట్ల, ఎక్కుతూ ఒకసారి, దిగుతూ ఒకసారి, ఉన్నది ఉన్నట్టు షీటులో రాయి. తప్పు చూపిస్తుంటే ఆ తప్పునే రాయి. చాలామంది ముందు ట్రిమ్ చేసి, బాగున్న అంకెలనే సరిచేయకముందు, సరిచేశాక అన్న రెండు కాలమ్‌లలోనూ నింపేస్తారు. నాకు ఇది అస్సలు నచ్చదు. రీడింగు పోయినేడు ఎంత పక్కకు జరిగింది, ఈ ఏడు ఎంత జరిగిందన్నది ఆ మొదటి కాలమ్‌లోనే తెలుస్తుంది. అది పోతే ఏ సెన్సర్‌ను ఎప్పుడు మార్చాలో చెప్పే ఆధారమే ఉండదు.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడే చోటు ఒకటుంది, దాన్ని వివరంగా చెప్తాను. కె టైపు థర్మోకపుల్ టేబుల్‌లో 540 డిగ్రీలకు 22.350 మిల్లీవోల్టులు ఉంటాయి. నువ్వు మామూలు రాగి వైర్లతో ట్రాన్స్‌మిటర్‌కు అంతే ఇచ్చావనుకో. ఆ టేబుల్ కోల్డ్ జంక్షన్ సున్నా డిగ్రీల దగ్గర ఉందన్న లెక్క మీద కట్టింది. భూపాలపల్లి ఎండల్లో టెర్మినల్ దగ్గర 40 డిగ్రీలు ఉందనుకుంటే, దానికి సరిపడా 1.612 మిల్లీవోల్టులు ట్రాన్స్‌మిటర్ తనే కలుపుకుంటుంది. అప్పుడు 578 చూపిస్తుంది. దానిలో ఏ లోపమూ లేదు. ఎక్కువ చూపిస్తోందని నువ్వు ట్రిమ్ చేసి 540కి దించితే, అసలు ఆవిరి 540కి వచ్చినప్పుడు అది 502 దగ్గర చూపిస్తుంది. వేడి చాల్లేదనుకుని డెస్క్‌లో స్ప్రే తగ్గిస్తారు. సూపర్‌హీటర్ ట్యూబులు ఓర్చుకోలేనంత వేడెక్కుతాయి. పక్కనే రెండో ట్రాన్స్‌మిటర్ ఉంటే తేడా బయటపడొచ్చు, దాని మీద భరోసా పెట్టుకోకు. ఆ 1.612 తీసేసి 20.738 ఇవ్వు. లేదంటే కె టైపు కేబుల్‌తోనే కట్టి, క్యాలిబ్రేటర్‌లో కోల్డ్ జంక్షన్ ఆన్ చెయ్యి.

బేరింగ్‌ల దగ్గర పీటీ-100లు ఉంటాయి. సున్నా దగ్గర 100 ఓములు, నూరు డిగ్రీల దగ్గర 138.51. అంటే మూడు వైర్లలో ఒకదాని స్క్రూ వదులై ఒక్క ఓము చేరినా రెండున్నర డిగ్రీల తేడా వచ్చేస్తుంది. ముందు స్క్రూలు బిగించి చూడు.

ఇంకో మాట. సెన్సర్ బదులు డెకేడ్ బాక్సునో మిల్లీవోల్ట్ సోర్సునో కట్టి నువ్వు చూసింది ట్రాన్స్‌మిటర్‌ను మాత్రమే. సెన్సర్ సంగతి అలాగే మిగిలి ఉంటుంది. షట్‌డౌన్‌లో దాన్ని తీసి, రిఫరెన్స్ ప్రోబ్ పక్కన డ్రై బ్లాక్‌లో పెట్టి చూడాలి. పైపైన దించితే తక్కువే చూపిస్తుంది, లోతుగా దించు. అంకె నిలకడగా నిలబడేదాకా ఆగు. తిరిగి బిగించేటప్పుడు కొన థర్మోవెల్ అడుగుకు తగిలిందో లేదో చూసుకో. రిఫరెన్స్ ప్రోబ్ సర్టిఫికెట్ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుదేనా, గడువు దాటలేదా అని అడగడానికి మొహమాటపడకు. నువ్వు కొత్తదానివని ఎవరైనా కసురుకున్నా సరే, అడుగు.

పని తొందరలో ఉందని, సంతకం పెట్టి పొమ్మని పైవాళ్లు అనే రోజులు వస్తాయి. చూడని పాయింటు ఎదురుగా ‘చూడలేదు’ అని రాసి సంతకం పెట్టు. ఒకరోజు మాట పడితే పడ్డావు.

నీ మొదటి షీటు నిండగానే ఫోన్ చెయ్యి. దిగుతున్నప్పటి రీడింగులు ఎక్కుతున్నప్పటి వాటితో కలిశాయో లేదో ముందు అదే చెప్పు.

నీ పెద్దనాన్న