మగ్గం మారినా మూడే పనులు

దివా–వసై రైలు మార్గంలో భివండి రోడ్ స్టేషన్ ఉంది. భివండి ఊళ్లోని పద్మనగర్‌కు వెళితే మన తెలుగే వినిపిస్తుంది. తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలి కుటుంబాలు తరాలుగా బతుకుదెరువుకు ఈ మరమగ్గాల ఊరికి వలస వెళ్లాయి. గుంట మగ్గం మీద చేయి తిరిగిన నేతగాళ్లకు మోటారుతో నడిచే సాంచె కొత్తది. అయినా పని పట్టుబడింది. ఎలా?

మగ్గం ఏదైనా ముఖ్యంగా చేసేవి మూడే పనులు. పడుగు పోగులు రెండు పాయలుగా విడాలి. ఆ సందులోంచి పేక అవతలికి పోవాలి. అచ్చు వచ్చి దాన్ని బట్ట అంచుకు కొట్టాలి. గుంట మగ్గంలో కాలూ చెయ్యీ చేసిన పనినే సాంచెలో మోటారు చేస్తుంది. పేకను అటూ ఇటూ మోసే నాడె అక్కర్లేని రేపియర్ మగ్గాలు వచ్చాక కూడా ఈ మూడూ పోలేదు. పేకను మోసుకెళ్లే పద్ధతి మారిందంతే. ఈ వరస ఒంటబట్టిన మనిషికి కొత్త యంత్రంలో నేర్చుకోవాల్సింది కొంతే మిగులుతుంది.

'బేసిక్స్ అయిపోయాయి, అడ్వాన్స్‌డ్ చెప్పండి' అనే పిల్లలు మన కోచింగ్ సెంటర్ల నిండా ఉన్నారు. వాళ్లను చూస్తే నాకు బెంగగా ఉంటుంది. బేసిక్స్ ఎప్పటికీ అయిపోవు, మళ్లీ సాంచెనే చూడండి. సాంచె మీద పేక తెగితే యంత్రం దానంతటదే ఆగుతుంది. పడుగు పోగు తెగితే మాత్రం చాలా పాత సాంచెలు ఆగవు, లోపంతోనే నేసుకుంటూ పోతాయి. కార్మికుడి కన్ను అక్కడ పడాలి. తెగిన కొస వెతికి, ముడి వేసి, పోగును అచ్చులో దాని సందులోంచే తీయాలి. కూలి నేసిన బట్టను బట్టి వస్తుంది కాబట్టి ఆ పని చకచకా జరగాలి. పనిలో చేరిన కొత్తలో నేర్చుకున్న ముడి ఇరవై ఏళ్ల తర్వాత కూడా రోజూ కావాలి.

మీ పనిలోనూ చప్పుడు లేకుండా తెగే పోగులుంటాయి. టాలీలో ఒక ఖర్చును తప్పు ఖాతాలో వేసినా ట్రయల్ బ్యాలెన్స్ సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని ఆపదు. డెబిట్, క్రెడిట్ నిజంగా తెలిసినవాళ్లకే ఆ తప్పు దొరుకుతుంది.

అందుకే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. మీ వృత్తిలో యంత్రం మారినా, సాఫ్ట్‌వేర్ మారినా మారని పనులేవో పుస్తకం చూడకుండా రాయండి. రాయలేకపోతే కంగారు పడకండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిందిగా. వాటిలో ఒకదాన్ని వారానికోసారి కంప్యూటర్ సాయం లేకుండా చేతితో చేసి చూడండి. ఆపైన మీ ఆఫీసులో అందరికంటే పాత ఉద్యోగి పక్కన ఓ గంట కూర్చోండి. లెక్క తేడా వచ్చినప్పుడు ఆయన చూపు మొదట ఏ కాగితం మీదికి వెళుతుందో గమనించి, అదే ఎందుకని అడగండి.