మిట్టదారిని సైకిలు ప్రయాణము

దేహమందలి క్రొవ్వు తగ్గించుకొనుటకై సైకిలు నెక్కువారిలో పలువురు నెలదినములకే విసిగి దానిని మూలకు చేర్చుదురు. త్రాసుముల్లు కదలలేదని వారి మొర. ఆ మొరలో కొంత నిజము కలదు. త్రాసు చూపజాలని లాభమును కలదు. ఆ రెంటిని విడదీసి చూతము.

విశాఖపట్టణమున సముద్రతీరమునుండి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నెలకొనియున్న వాల్తేరు మిట్టకు దినదినము సైకిలుపై పోవు నొకనిని తలంపుడు. సమతలమున కాళ్ళు నిలిపినను చక్రములు కొంతదూరము దొరలును. మిట్టపై నట్లు గాదు. భూమ్యాకర్షణము బండిని వెనుకకు లాగుచుండును. కావున తొడకండరములు విరామములేక పనిచేయవలయును. వానికి ప్రాణవాయువు నందించుటకై గుండె వడిగా కొట్టుకొనును.

ఇక లెక్క చూడుడు. మనిషియు సైకిలును కలిసి 80 కిలోగ్రాములనియు, ఎక్కవలసిన యెత్తు 50 మీటర్లనియు అనుకొందము. అందుకు సుమారు 39,000 జౌలుల పని కావలయును. శరీరము తాను వ్యయించు శక్తిలో దాదాపు నాల్గవవంతు మాత్రమే పెడలునకు చేర్చి, తక్కినదానిని వేడిగా విడిచిపెట్టును. కావున మొత్తము వ్యయము సుమారు 37 కిలోకాలరీలు. దేహమున ఒక కిలోగ్రాము క్రొవ్వు తగ్గుటకు దాదాపు 7,700 కిలోకాలరీలు వ్యయము కావలయును. అనగా ఎక్కుటచేతనే అది కరగవలెనన్న 200 పర్యాయములకు మించి ఎక్కవలయును! సమతలపు తొక్కుడును కలిసిన కొంత త్వరపడును. కాని యిల్లు చేరి, నూనెలో వేగిన గారె నొక్కటి అధికముగా తిన్నచో మిట్ట యెక్కిన వ్యయమంతయు పూడిపోవును. కావున బరువు తగ్గగోరువారు భోజనమునందును మితము పాటింపవలయును.

మరి శ్రమ వృథాయా? కాదు. కొన్ని వారములు నియమముగా తొక్కినచో గుండె ప్రతి కొట్టుకు నెక్కువ రక్తమును పంపనేర్చును. కండరములు ప్రాణవాయువును చక్కగా వినియోగించుకొనును. బ్రిటనులో 2,60,000 మందికి పైగా పెద్దలను సుమారు అయిదేండ్లు గమనించిన పరిశోధన యొకటి 2017లో వెలువడెను. కారులోనో బస్సులోనో పనికి పోవువారికంటె సైకిలుపై పోవువారిలో ఆ కాలమున మరణాపాయము నూటికి 41 వంతులు తక్కువగా కనబడెను. సైకిలొక్కటే కారణమని యిందువలన తేలదు గాని, ఉపేక్షింపదగిన సంగతి గాదు.

ఈ లాభమును కొలుచుట సులభము. మిట్ట చివర దిగి ఒక నిమిషము నిలిచి, మణికట్టు నాడిని 15 సెకండ్లు లెక్కించి నాలుగుచే హెచ్చవేయుడు. నెల గడచిన పిమ్మట అదే మిట్టను అదే వేగమున ఎక్కి మరల లెక్కింపుడు. త్రాసుముల్లు కదలకున్నను నాడి తగ్గుట మీకే తెలియును.

విద్యార్థులారా, కొన్ని జాగ్రత్తలు మరువకుడు. పెడలు క్రిందికి పోయినప్పుడు మోకాలు కొంచెము వంగియుండునట్లు సీటు నమర్చుకొనుడు. గేర్లున్న బండియైనచో మిట్ట మొదలు కాకమునుపే తేలిక గేరునకు మార్చుడు. మాటలాడజాలనంత రొప్పు వచ్చిన దిగి నడువుడు. అందు సిగ్గు లేదు. పల్లమునకు దిగకమునుపు రెండు బ్రేకులను పరీక్షింపుడు. గుండెజబ్బుగాని మోకాలినొప్పిగాని యున్న పెద్దలు వైద్యుని యడిగిన పిమ్మటనే ప్రారంభింపవలయును.