రాజ్యమూ ఏలాలి, కాలమూ ఆగకూడదు

ప్రశ్న: గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాది. నెట్ సెంటర్లలో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడి పెరిగాను. యుద్ధంతోపాటు రాజ్యపాలన కూడా ఉండే రియల్‌టైమ్ గేమ్ చెప్పండి.

జవాబు: మీ పక్క ఊరి సామ్రాజ్యంతోనే మొదలుపెడదాం. 2021లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 4లో ఢిల్లీ సుల్తానేట్ ఉంది. వాళ్లకు పరిశోధన ఉచితం, కానీ నత్తనడక. మసీదుల్లో పండితులను పెడితేనే వేగం. (1323లో ఓరుగల్లును పడగొట్టిన పక్షాన ఆడటం మనకు కాస్త చివుక్కుమంటుందనుకోండి.) అయినా ఇందులో లోతు ఎక్కువగా పోరులోనే.

మీరడిగిన దానికి దగ్గరిది రైజ్ ఆఫ్ నేషన్స్. 2003 నాటిది, 2014లో మెరుగులు దిద్ది మళ్లీ తెచ్చారు. నగరాలు కట్టేకొద్దీ సరిహద్దు జరుగుతుంది. తగిన పరిశోధన చేసుకుంటే, సరఫరా బండి లేకుండా మీ నేలపైకొచ్చిన శత్రుసేన దానంతటదే క్షీణిస్తుంది. బొమ్మలు పాతవని పెదవి విరవకండి.

పెళ్లి సంబంధాలు, దౌత్యం కూడా కావాలా? యూరోపా యూనివర్సాలిస్ 4 ఆడండి. 1444లో మొదలవుతుంది, విజయనగరాన్ని ఏలవచ్చు. ఆఫీసు ఫోనొస్తే కాలాన్ని ఆపుకోవచ్చు కూడా. అదనపు ప్యాక్‌లు బోలెడు, ముందు అసలు ఆట ఒక్కటే కొనండి, అదీ స్టీమ్‌లో డిస్కౌంట్ పెట్టినప్పుడు.