లేఆఫ్ కన్నా తేదీల దగ్గరే చిక్కు

2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని, మైక్రోసాఫ్ట్ 10 వేల మందిని, అమెజాన్ 18 వేల పైచిలుకు మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. 2025 జులైలో టీసీఎస్ కూడా తన ఉద్యోగుల్లో రెండు శాతం మందిని, అంటే సుమారు 12 వేల మందిని తగ్గిస్తానంది. ఇన్ని చూశాక, లేఆఫ్ అయ్యానంటే మాదాపూర్‌లో ఏ ఇంటర్వ్యూయరూ కళ్లు పెద్దవి చేయడు. అతని టీమ్‌లోనే అలా వచ్చినవాళ్లు ఉండొచ్చు. అతని కన్నా పెళ్లిచూపులకొచ్చిన పెదనాన్న వేసే ప్రశ్నలే ఎక్కువ!

రెజ్యూమేలో ఎక్కువ అనుమానం పుట్టించేది, మనంతట మనం మానేసిన ఉద్యోగాల వరస. పది నెలలు, ఏడాది, ఎనిమిది నెలలు... 2021, 22లలో నోటీస్ పీరియడ్‌లో ఉండగానే చేతిలో రెండు మూడు ఆఫర్లు పెట్టుకుని, హైక్ చూసి మారినవాళ్లు చాలామంది. జీతం పెరిగింది, మంచిదే. కానీ ఒక సిస్టమ్‌లోని తప్పులు బయటపడటానికి ఏడాదైనా పడుతుంది. తాను రాసిన కోడ్ ప్రొడక్షన్‌లో అర్ధరాత్రి కూలితే లేచి సరిచేసినవాడు చెప్పే జవాబుకూ, అంతకుముందే వెళ్లిపోయినవాడు చెప్పే జవాబుకూ తేడా పది నిమిషాల్లో తెలిసిపోతుంది. పెరిగిన జీతానికి తగ్గ లోతు లేకపోతే తర్వాతి ఆఫర్ దొరకడమే కష్టం. అందుకే ఎక్కడైనా ఒక్కచోట రెండు మూడేళ్లు నిలబడి ఉండటం నా లెక్కలో హైక్ కన్నా విలువైనది.

ఇక లేఆఫ్ మీదాకా వచ్చి, హెచ్ఆర్ పిలిచి "మీరే రిజైన్ చేయండి, రికార్డు బాగుంటుంది" అంటే ఆ గదిలోనే సంతకం పెట్టకండి. నోటీస్ కాలపు జీతం, మిగిలిన సెలవుల డబ్బు, ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ, ఆరోగ్య బీమా ఏ రోజు దాకా, రిలీవింగ్ లెటర్ ఎప్పుడు: ఇవన్నీ మెయిల్‌లో అడిగి, జవాబు మెయిల్‌లోనే తెప్పించుకోండి. ఆ మెయిల్‌ను సొంత ఐడీకి కూడా పంపమనండి. లాప్‌టాప్ ఇచ్చేశాక ఆఫీసు మెయిల్ తెరుచుకోదు.

ఖాళీ నెలల్ని కప్పిపుచ్చడానికి తేదీలు సాగదీయడం, డబ్బులకు ఎక్స్‌పీరియన్స్ లెటర్ కొనడం మాత్రం వద్దు. చేరిన తేదీ, మానేసిన తేదీ పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో కనబడతాయి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అవి కలవకపోతే చేరాక కూడా తీసేస్తారు. లేఆఫ్‌ను క్షమించే కంపెనీలు దీన్ని క్షమించవు. పాత కంపెనీ పీఎఫ్‌లో ఎగ్జిట్ తేదీ వేయకపోతే, రెండు నెలలాగి పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు.

ఇంటర్వ్యూలో రెండు వాక్యాలు చాలు: "ప్రాజెక్ట్ ఆపేశారు, టీమ్‌లో చాలామందిని తీసేశారు. నేను పేమెంట్స్ సర్వీస్ చూసేవాణ్ని, దాని గురించి చెబుతాను." పాత మేనేజర్ ఊసెత్తకండి.

జీతం కాస్త తగ్గినా పని బాగుంటే చేరండి. కానీ ఆరు నెలలకే వదిలేసే ఉద్దేశముంటే చేరకండి. లేఆఫ్ పక్కనే ఇంకో చిన్న ఉద్యోగం కనబడితే, ఆ లేఆఫ్‌నూ అనుమానంగానే చూస్తారు. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఇంత ఎంపిక ఉండదు. ఉద్యోగం పోయిన నాటి నుంచి గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి. వాళ్లు జీతం సంగతి తర్వాత, పిటిషన్ ఎన్ని రోజుల్లో వేస్తారని ముందు అడగాలి.