చిన్న మూత గిన్నెలు: పన్నెండు చిట్కాలు, వాటి హద్దులు

రాజీవ్ రహదారి మీద బసంత్‌నగర్ దాటి గోదావరిఖని వైపు పోయేకొద్దీ సిమెంటు లారీలు, బొగ్గు లారీలు ఎక్కువవుతాయి. వాటి వెంట లేచిన దుమ్ము కిటికీ చువ్వల మీదా, మూత మరిచిన కూర మీదా ఒకేలా వాలుతుంది. దీనికి రామగుండం ఎండలు తోడు. ఏప్రిల్, మే నెలల్లో 45 డిగ్రీలు దాటిన రోజులు ఇక్కడివాళ్లకు కొత్త కాదు. ఇంట్లో ఒకరిది మొదటి షిఫ్టు, ఇంకొకరిది నైట్ షిఫ్టు అయితే ఒకపూట వండింది మూడు వేళల్లో తినాలి. అందుకే ఇక్కడి వంటింట్లో చిన్న మూత గిన్నెలకు చేతినిండా పని. అయితే మూత దుమ్మును, ఈగలను ఆపుతుందే కానీ ఎండకు పాడయ్యే కూరను కాపాడలేదు. ఈ సంగతి గుర్తుంచుకుని వాడితే ఇంటిల్లిపాదికీ మేలు.

1. పొగలు కక్కే కూరకు మూత బిగించొద్దు. ఆవిరి మూతకు తగిలి, నీరై మళ్లీ కూరలోకే కారుతుంది. వేపుడు మెత్తబడుతుంది, లోపలి వేడి తగ్గక పప్పు తొందరగా పులుస్తుంది. వండిన కూరను పెద్ద గంజులో వదిలేయకుండా రెండు మూడు చిన్న గిన్నెల్లోకి తీస్తే త్వరగా చల్లారుతుంది. అప్పటిదాకా దుమ్ము పడకుండా పలుచని నూలు గుడ్డ కప్పి, పొగ ఆగాక మూత పెట్టండి.

2. వండిన వేళ గుర్తుపెట్టుకోండి. వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటసేపే ఉంచాలని అమెరికా ఆహార భద్రతా సూచన. మన ఎండాకాలానికి ఈ లెక్కే సరి. అన్నంతో మరీ జాగ్రత్త. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా చావవు. గంటల తరబడి బయట ఉన్న అన్నంలో అది వదిలే ఒక రకం విషం మళ్లీ వేడి చేసినా పోదు.

3. సద్ది గిన్నెలోకి తగినవే ఎంచుకోండి. బాయి (బొగ్గు గని) మీదికి పోయేవాళ్లు పొద్దున కట్టుకున్న సద్దిని విప్పేసరికి గంటలు గడుస్తాయి. జొన్నరొట్టె, నువ్వుల పొడి, నీళ్లు లేని వేపుడు, తొక్కు, చింతపండు పులుపు బాగా పట్టిన పులిహోర మిగతావాటికంటే నిలుస్తాయి. పప్పు, గుడ్డు, మాంసం, కొబ్బరి పచ్చడి మామూలు స్టీలు గిన్నెలో పంపొద్దు. తప్పదంటే వేడి నిలిపే రెండు గోడల డబ్బా కొనండి. అందులో ముందుగా మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి, పారబోసి, ఉడుకుతున్న కూరను అంచుదాకా నింపి వెంటనే బిగించండి. ఈ డబ్బా పని కూరను 60 డిగ్రీల పైన నిలపడం కాబట్టి ఒకటో చిట్కా దీనికి వర్తించదు.

4. పెరుగన్నం పాలతో కలపండి. పొద్దున పెరుగు కలిపి పంపితే ఎండాకాలంలో మధ్యాహ్నానికే పుల్లబడుతుంది. అన్నం మెత్తగా మెదిపి, కాచి చల్లార్చిన గోరువెచ్చని పాలు పోసి, ఒక చెంచా పెరుగు, కాస్త ఉప్పు కలపండి. గిన్నెలోనే తోడుకుని తినే వేళకు కమ్మగా ఉంటుంది. పైన రెండు వేళ్ల మందం ఖాళీ వదలండి.

5. గిన్నెప్పకు మందపాటి అడుగు కావాలి. మన కరీంనగర్ వైపు ఇళ్లలో మూత గిన్నెకు అసలు పరీక్ష ఇదే. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లిపాయ, కరివేపాకు, కారం, ఉప్పు వేసి ముద్ద కలపండి. నూనె రాసిన గిన్నె లోపల పలుచగా ఒత్తి, వేలితో అక్కడక్కడా రంధ్రాలు చేసి ఒక్కో చుక్క నూనె వేయండి. మూత పెట్టి చిన్న మంట మీద కాల్చండి. మూత బిగుతుగా ఉండొద్దు, ఆవిరి కొంచెం బయటికి పోతేనే అప్ప కరకరలాడుతుంది. పలుచని స్టీలు గిన్నె అయితే అడుగు మాడి పైన పచ్చిగా మిగులుతుంది. వేడి గిన్నెలో రెండో అప్ప ఒత్తలేం కాబట్టి రెండు గిన్నెలు పెట్టుకుని ఒకటి చల్లారేలోగా ఇంకొకటి వాడండి.

6. కుక్కర్‌లోకి క్లిప్పుల మూత వద్దు. అన్నం, పప్పు, కూరగాయ ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి వండితే గ్యాస్ కలిసొస్తుంది. అయితే పైన వదులుగా ఆనే మూతే ఉండాలి. బిగించిన గిన్నెలో ఆవిరి చిక్కుకుంటే తీసేటప్పుడు ముఖం మీదికి చిమ్ముతుంది. పప్పు గిన్నె సగానికి మించి నింపొద్దు.

7. కారుతుందా లేదా ఇంట్లోనే చూడండి. గిన్నెలో నీళ్లు పోసి, మూత పెట్టి, పాత కాగితం మీద కాసేపు బోర్లించండి. తడి కనిపిస్తే ఆ గిన్నె పొడి పదార్థాలకే. పచ్చి పులుసును, చల్లను దానికి అప్పగించొద్దు.

8. మూతలోని రబ్బరు రింగు ఊడదీసి కడగండి. దాని కిందే జిడ్డు, బూజు, పాత కూర వాసన దాక్కుంటాయి. రింగు, మూత, గిన్నె విడివిడిగా పూర్తిగా ఆరాక గిన్నెను బోర్లించి, మూత పక్కన పెట్టండి. తడి గిన్నెకు మూత వేస్తే ముక్కవాసన ఖాయం. దుమ్ము ఊళ్లో ఇంకో అలవాటు కూడా అవసరం: తెరిచే ముందు మూత పైభాగం తడి గుడ్డతో తుడవండి. లేకపోతే అంచున పేరుకున్న దుమ్మంతా లోపలికే రాలుతుంది.

9. స్టీలు కొనేటప్పుడు అయస్కాంతాన్ని నమ్మొద్దు. అంటుకోకపోతే మంచి రకమని చాలామంది అనుకుంటారు. కానీ చవకైన 200 శ్రేణి స్టీలు కూడా సాధారణంగా అంటుకోదు. సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకం తుప్పును బాగా తట్టుకుంటుంది. ఆ అంకె ముద్ర ఉందో లేదో చూసి, రసీదు మీద రాయించుకోండి. మంచి స్టీలైనా ఉప్పు, పులుపు నెలల తరబడి నిల్వ ఉంటే మచ్చలు పడుతుంది. మామిడికాయ తొక్కు స్థానం జాడీయే.

10. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో పులుపు పెట్టొద్దు. చింతపండు, పెరుగు, టమాటా ఆ లోహాన్ని కరిగించి తిండిలోకి దింపుతాయి. అల్యూమినియం గిన్నెల్లోనూ పులుపు నిల్వ ఉంచొద్దు. పెట్టెలో దాచిన అమ్మమ్మ కాలం గిన్నెలు వాడాలనుకుంటే ముందు కళాయి వేయించండి.

11. ప్లాస్టిక్ మీద గ్లాసు, ఫోర్కు బొమ్మ ఉందా చూడండి. అది తిండికి పనికొచ్చే ప్లాస్టిక్ అని చెప్పే గుర్తు. ఐస్‌క్రీం, మిఠాయి డబ్బాల్లో వేడి కూర పోయకుండా బొత్తాలు, దారాలు, పొడి దినుసులు దాచుకోండి. మైక్రోవేవ్‌లో దానికి తగినదని రాసి ఉన్న గిన్నెనే, మూత వదులు చేసి పెట్టండి.

12. ఫ్రిజ్‌లో చిన్న గిన్నెలే మేలు. ఒక్కపూటకు సరిపడా సర్ది, మూత మీద తేదీ అంటించండి. తీసినదాన్ని ఒక్కసారే వేడి చేసి తినేయండి. నూనెలో ముంచిన వెల్లుల్లి ముద్దను మూత ఉంది కదా అని బయట ఉంచొద్దు. గాలి అందని చోట పెరిగే బొటులిజం సూక్ష్మజీవికి అది అనువైన చోటు. కరెంటు పోతే తలుపు తెరవకుండా ఉంచండి, చల్లదనం సుమారు నాలుగు గంటలు నిలుస్తుంది.

మన కాలనీల్లో, క్వార్టర్లలో కూర గిన్నె ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతూనే ఉంటుంది. అడుగున పేరు చెక్కించండి, గిన్నె తిరిగి వస్తుంది. దాంతోపాటు కూర ఎప్పుడు వండిందీ చెప్పి ఇవ్వండి. గిన్నె ఎవరింటికి చేరినా గంటల లెక్క మాత్రం మన పొయ్యి దగ్గరి నుంచే మొదలవుతుంది.