కల్లము నుండి గానుగ వరకు

పావగడ తాలూకాలోని నిడుగల్లు దుర్గము పూర్వము చోళ వంశీయులకు రాజధాని. వారి కాలమున, 1278 నాటి అమరాపురపు శాసనములో, మల్లిసెట్టి యను భక్తుడు తైలంగెరె జినాలయమునకు 2,000 పోకచెట్లు సమర్పించినట్లు కలదు. ఆ చెట్ల రాబడితో ఆలయమును రాతితో కట్టవలెనని ఏర్పాటు. అయితే చెట్టు కాచినంత మాత్రమున గోడ లేవదు. కాయ దిగవలెను, సంతకు చేరవలెను, తగిన ధరకు అమ్ముడుపోవలెను. ఈ గొలుసున ఒక్క లంకె తెగినను పని నిలిచిపోవును.

నేడు ఈ సీమలో ఆ గొలుసును చక్కగా చూపునది వేరుశనగ. వానను నమ్మి జూన్, జులై నెలలలో విత్తిన పైరు అక్టోబరు, నవంబరులలో కల్లమునకు వచ్చును. పిమ్మట మండీ, కాయలొలుచు యంత్రము, నూనె మిల్లు, టోకు వర్తకుడు, చిల్లర అంగడి - ఇన్ని చేతులు మారును. ఇందు చిక్కులు మూడు.

మొదటిది ధర. 100 కిలోల కాయ ఒలిచిన సుమారు 70 కిలోల పప్పు వచ్చును. కొనువాడు మొదట చూచునది ఈ పప్పు పాలు, పిదప తేమ. కాని నూనె ధర మన ఊరిలో తేలునది కాదు. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిలు ఎగుమతిని ఆపి, మే 23న మరల విడిచినది. అంత దూరపు ఆజ్ఞకు ఇచ్చటి నూనె బజారు గూడ కదలును. ప్రభుత్వము ఏటేట మద్దతు ధర ప్రకటించుచున్నది. అయినను, అప్పు తీర్చుటకై రైతు కాయ అమ్ముకొన్న పిదప కొనుగోలు కేంద్రము తెరచిన ఫలమేమి?

రెండవది ఇరుకు. ఒక ఊరికి దినమునకు 100 మూటలు వచ్చుననుకొందము. ఒలుచు యంత్రము 60 మూటలు ఒలుచును. మిల్లు 90 మూటల పప్పు ఆడగలదు. అయినను దినమునకు సాగునది 60 మూటలే. పది దినములలో 400 మూటలు ప్రోగుపడును. మిల్లులో మరియొక గానుగ పెట్టినను లాభము లేదు. ఒలుచు చోటనే ఇరుకు తీరవలెను. ఈలోగా వాన తగిలిన కాయకు బూజు పట్టి, విషము పుట్టును. అప్పుడది తిండికి పనికిరాదు, ధరయు పడిపోవును.

మూడవది పొందిక. చిల్లర అంగడిలో 10 డబ్బాలు చెల్లును. కొరత వచ్చునేమోయని అతడు 12 అడుగును. టోకు వర్తకుడు 15 అడుగును. మిల్లు 20కి సరిపడు సరుకు కొనును. ధర పెరుగును. నెల తిరుగునప్పటికి అందరి కొట్లు నిండి, ఎవ్వరును కొనరు. ఆ దెబ్బ కల్లములోని రైతుపై పడును. ఇందు మోసగాడెవ్వడును లేడు. ఒకరి లెక్క మరియొకరికి తెలియకపోవుటయే దోషము.

కావున అంగడివాడు నిజముగా చెల్లిన సరుకునే చెప్పవలెను. మిల్లువాడు తన నిలువను, తాను ఆడగల మూటలను వారము ముందుగా మండీకి తెలుపవలెను. తేమను రైతు ఎదుటనే చూడవలెను. సొమ్ము చెల్లించు దినము ముందే నిర్ణయింపవలెను. తూకము తేడాలను తత్త్వార్థసూత్రము అచౌర్య వ్రతమునకు అతిచారముగా చెప్పినది. తూకముపై నమ్మకము లేనిచోట ఏ లెక్కయు నిలువదు.

గిట్టుబాటు కాని యేట రైతు విత్తనపు కాయ గూడ అమ్ముకొనును. అతడు విత్తనిచో మరుసటి యేడు యంత్రమునకును, మిల్లునకును, అంగడికిని పని యుండదు.